ఉద్యోగం మానేశాక చేతికి రావాల్సింది ఎంత, ఎప్పటిలోగా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ భారతదేశంలో ప్రైవేటు సంస్థల్లో పనిచేస్తూ రాజీనామా చేసినవాళ్ల కోసం, సంస్థ తీసేసినవాళ్ల కోసం. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. జీతాల చెల్లింపు చట్టం, గ్రాట్యుటీ చట్టం, బోనస్ చట్టం లాంటి పాతవి వీటిలో కలిసిపోయాయి. హెచ్‌ఆర్ విభాగాలు ఇంకా పాత లెక్కలే చెప్తుంటాయి కాబట్టి తేడా ఉన్నచోట రెండూ ఇచ్చాం.

ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ 45 రోజుల తర్వాతే అంటున్నారు. అది రూలేనా?

కాదు. అది కంపెనీ పెట్టుకున్న పద్ధతి. వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి రాజీనామా చేసినా, సంస్థ తొలగించినా, సంస్థే మూతపడినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. పాత 1936 జీతాల చెల్లింపు చట్టంలో ఈ రెండు రోజుల గడువు యజమాని తీసేసినప్పుడు మాత్రమే వర్తించేది. అది కూడా నెలకు రూ. 24,000 లోపు జీతగాళ్లకే. ఇప్పుడు రాజీనామాకూ వర్తిస్తుంది, జీతం మీద పరిమితి లేదు, మేనేజర్లు కూడా ఇందులోకి వస్తారు.

అసలు చిక్కంతా "ఫుల్ అండ్ ఫైనల్" అనే మూటలోనే ఉంది. జీతం, సెలవుల డబ్బు, గ్రాట్యుటీ, బోనస్ అన్నీ అందులో కట్టేసి, ఏ ఒక్కటి ఆలస్యమైనా మొత్తం ఆపేస్తారు. చట్టంలో అలాంటి మూట లేదు. ఒక్కో బకాయికి ఒక్కో గడువు ఉంది:

- చివరి నెల జీతం: రెండు పనిదినాలు
- వర్కర్ కోవలోకి వచ్చేవారు (ఎవరో కింద చెప్పాం) మానేసినా, తీసేసినా మిగిలిన ఆర్జిత సెలవుల డబ్బు: రెండో పనిదినం ముగిసేలోగా
- గ్రాట్యుటీ (చేసిన సర్వీసును బట్టి మానేసేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం): 30 రోజులు
- చట్టబద్ధ బోనస్: ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన 8 నెలల్లోపు
- చివరి నెల పీఎఫ్ జమ: తర్వాతి నెల 15వ తేదీలోగా

హెచ్‌ఆర్‌కు మెయిల్ రాసేటప్పుడు "నా సెటిల్‌మెంట్ ఎప్పుడు?" అని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అనే జవాబే వస్తుంది. వీటిని విడివిడిగా, పక్కన గడువు తేదీ వేసి అడగండి.

ల్యాప్‌టాప్ ఇవ్వలేదని, ఒక విభాగం నో డ్యూస్ (బకాయిలేమీ లేవనే) సంతకం పెట్టలేదని జీతం ఆపవచ్చా?

సంతకం కోసం జీతం ఆపే అధికారం ఎవరికీ లేదు. మీకు అప్పగించిన వస్తువు మీ నిర్లక్ష్యం వల్లే పోయినా, పాడైనా ఆ నష్టం మేరకు కోయవచ్చు. అయితే కోసే ముందు మీ సంజాయిషీ వినాలి. అన్ని రకాల కోతలూ కలిపి ఆ కాలపు వేతనంలో సగం దాటకూడదు. మూడేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌కు కొత్తదాని ధర కట్టమంటే, వాళ్ల ఖాతా పుస్తకాల్లో తరుగుదల పోగా మిగిలిన విలువ ఎంతో రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఆ ప్రశ్నతోనే మాట మారుతుంది.

వస్తువులు తిరిగిచ్చిన రోజే సీరియల్ నంబరు, తేదీ, తీసుకున్నవారి సంతకంతో రశీదు తీసుకోండి. కొరియర్‌లో పంపితే ప్యాక్ చేసే ముందు ఫొటో తీసి ఉంచుకోండి.

జీతం అరవై వేలు, బేసిక్ ఇరవై వేలు. గ్రాట్యుటీ దేని మీద లెక్కించాలి?

కొత్త కోడ్‌లతో వచ్చిన పెద్ద మార్పు ఇదే. ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం, యజమాని కట్టే పీఎఫ్ వాటా, కమీషన్, ఓవర్‌టైమ్ లాంటివి "వేతనం"లోకి రావు. కానీ ఇలా పక్కన పెట్టినవన్నీ కలిపి మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగం తిరిగి వేతనంలో కలుస్తుంది.

మీ ఉదాహరణే చూద్దాం. మొత్తం రూ. 60,000, బేసిక్ రూ. 20,000. మిగతా రూ. 40,000 పై రకం భత్యాలే అనుకుందాం. సగం అంటే రూ. 30,000. భత్యాలు దానికంటే రూ. 10,000 ఎక్కువ ఉన్నాయి. ఆ పదివేలు బేసిక్‌లో కలపాలి. మీ వేతనం రూ. 30,000.

గ్రాట్యుటీ సూత్రం: చివరి నెల వేతనం × 15 × సర్వీసు సంవత్సరాలు ÷ 26. మీ సర్వీసు 7 ఏళ్ల 8 నెలలు అయితే, ఆరు నెలలు దాటింది కాబట్టి 8 ఏళ్లు.

30,000 × 15 × 8 ÷ 26 = రూ. 1,38,462.

పాత అలవాటులో బేసిక్ మీద మాత్రమే వేస్తే రూ. 92,308 వస్తుంది. తేడా నలభై ఆరు వేల పైచిలుకు. అందుకే సెటిల్‌మెంట్ షీట్‌లో మొదట చూడాల్సింది గ్రాట్యుటీ ఎంత వచ్చిందని కాదు, ఏ అంకె మీద వేశారని. ఇంకో పొరపాటు 26కు బదులు 30తో భాగించడం. నెలకు 26 పనిదినాలుగా లెక్కించాలి.

చట్టం ప్రకారం గ్రాట్యుటీకి గరిష్ఠ పరిమితి రూ. 20 లక్షలు. సంస్థ తన ఇష్టంతో ఎక్కువ ఇవ్వవచ్చు.

అయిదేళ్లకు మూడు నెలలు తక్కువైంది. గ్రాట్యుటీ పోయినట్టేనా?

వెంటనే వదులుకోకండి. "నిరంతర సర్వీసు" నిర్వచనంలో, ఒక ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది పూర్తయినట్టే లెక్క. వారానికి ఆరు రోజుల కంటే తక్కువ పనిచేసే సంస్థల్లో అది 190 రోజులే. అంటే అయిదు రోజుల వారం ఉన్న ఆఫీసులకు ఈ చిన్న సంఖ్యే వర్తిస్తుంది. దీని ఆధారంగా నాలుగేళ్లు నిండి, అయిదో ఏట 240 రోజులు చేసినవారికి గ్రాట్యుటీ వస్తుందని మద్రాస్ హైకోర్టు తీర్పు ఉంది. అన్ని సంస్థలూ దీన్ని తమంతట తాము ఒప్పుకోవు. అర్జీలో ఆ మాట రాసి, హాజరు రోజుల లెక్క జతచేయాలి. జీతంతో కూడిన సెలవులు, ప్రసూతి సెలవు కూడా పనిచేసిన రోజుల్లోకే వస్తాయి.

చేరిన తేదీని అపాయింట్‌మెంట్ లెటర్‌లోని తేదీతో సరిచూసుకోండి. శిక్షణ కాలం, ప్రొబేషన్ కూడా సర్వీసే. చట్టబద్ధమైన అప్రెంటిస్‌షిప్ మాత్రం లెక్కలోకి రాదు.

ఉద్యోగి చనిపోయినా, వైకల్యం వల్ల మానాల్సి వచ్చినా అయిదేళ్ల నియమం లేదు. వర్కింగ్ జర్నలిస్టులకు మూడేళ్లు చాలు.

నాది ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్ట్. నాకూ గ్రాట్యుటీ ఉందా?

ఉంది. నిర్ణీత గడువుకు సంస్థ నేరుగా తీసుకున్నవారికి కాంట్రాక్ట్ ముగిసినప్పుడు, పనిచేసిన కాలానికి తగ్గట్టు గ్రాట్యుటీ ఇవ్వాలి, అయిదేళ్లు అక్కర్లేదు. ఏడాది సర్వీసు చాలని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇది కాంట్రాక్టరు ద్వారా వచ్చిన లేబర్‌కు సంబంధించినది కాదు, ఆ రెండూ వేరు. కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే మాత్రం పని చేయించుకున్న ప్రధాన యజమానే చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి.

గ్రాట్యుటీ ఆపేస్తామని బెదిరిస్తున్నారు. ఏ కారణాలతో ఆపవచ్చు?

రెండే కారణాలు. ఉద్యోగి చేసిన నష్టానికి అతన్ని ఉద్యోగం నుంచి తొలగించి ఉంటే, ఆ నష్టం మేరకు. హింసాత్మక ప్రవర్తనకో, పని చేస్తుండగా నైతిక పతనం కిందకు వచ్చే నేరానికో తొలగించి ఉంటే, కొంతగానీ మొత్తంగానీ. రెండింటిలోనూ "తొలగించడం" ఉండాలని గమనించండి. మీరు రాజీనామా చేసి, దాన్ని వాళ్లు ఆమోదించాక, నోటీసు పూర్తి చేయలేదనో పోటీ కంపెనీలో చేరారనో గ్రాట్యుటీ ఆపడానికి వీల్లేదు. గడువు దాటితే సాధారణ వడ్డీ కలిపి ఇవ్వాలి.

అర్జీ 30 రోజుల్లో పెట్టడం మంచిది. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో హక్కు పోదు. అసలు అర్జీ ఉన్నా లేకున్నా, గ్రాట్యుటీ ఎంతో లెక్కకట్టి తెలియజేయాల్సిన బాధ్యత యజమానిదే.

మూడు నెలల నోటీసు ఇవ్వకుండా వెళ్లిపోతే జైలు, కేసు అంటున్నారు.

నోటీసు మానేయడం నేరం కాదు. అది ఒప్పందం తప్పడం, అంతే. బలవంతంగా పనిచేయించమని కోర్టు ఆదేశించదు. కంపెనీ అడగగలిగింది పరిహారం మాత్రమే. 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అదీ న్యాయమైన మేరకే. ఒప్పందంలో రాసిన అంకె గరిష్ఠ పరిమితి, దానంతటదే రావాల్సిన మొత్తం కాదు.

నోటీసు కొనుక్కునేటప్పుడు, అంటే నోటీసు కాలం పనిచేయకుండా దానికి బదులు డబ్బు కట్టేటప్పుడు, రెండు విషయాలు చూసుకోండి. మొదటిది, కోత బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా? లెటర్‌లో ఏది రాస్తే అదే. రెండోది, కొన్ని కంపెనీలు నోటీసు పే మీద 18 శాతం జీఎస్టీ కలుపుతాయి. నోటీసు పే రికవరీకి జీఎస్టీ వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులోనే సర్క్యులర్ ఇచ్చింది. ఆ మాట మెయిల్‌లో రాస్తే తీసేస్తారు.

బాండ్ మీద సంతకం పెట్టాను. రెండేళ్లు పోటీ కంపెనీలో చేరకూడదని కూడా ఉంది.

ఈ రెండూ ఒకటి కాదు. ఉద్యోగం మానేశాక ఫలానా చోట చేరకూడదనే షరతు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. రహస్య సమాచారం బయటపెట్టకూడదనే షరతు మాత్రం మానేశాక కూడా చెల్లుతుంది. పాత ఆఫీసు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే కేసు అక్కడ పుడుతుంది.

శిక్షణ బాండ్ చెల్లుతుంది, పరిమితులతో. కనీస సర్వీసు చేయకపోతే రూ. 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు బాండ్‌ను సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. కాబట్టి "బాండ్‌లు చెల్లవు" అని స్నేహితులు చెప్పే మాట నమ్మి దూకేయకండి. శిక్షణకు నిజంగా ఎంత ఖర్చయింది, బాండ్‌లో ఎంత కాలం పూర్తి చేశారు అన్నవే బేరానికి ఆధారాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే హక్కు మాత్రం బాండ్ ఉన్నా లేకున్నా ఏ చట్టమూ యజమానికి ఇవ్వలేదు.

పీఎఫ్ విత్‌డ్రా చేయాలా, బదిలీ చేయాలా?

మరో ఉద్యోగంలో చేరుతుంటే బదిలీ చేయడమే మేలు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా రూ. 50,000 లేదా అంతకు మించి తీస్తే పాన్ ఉన్నా 10 శాతం టీడీఎస్ కోస్తారు, ఆ మొత్తం మీద పన్ను కూడా పడుతుంది. బదిలీ చేస్తే పాత, కొత్త సర్వీసు కలిసి లెక్కకొస్తాయి. ఉద్యోగం లేకపోయినా ఖాతాలో వడ్డీ పడుతూనే ఉంటుంది, కంగారు అక్కర్లేదు. పూర్తిగా తీసుకోవడానికి నిరుద్యోగ గడువును 12 నెలలు చేయాలని పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్‌ఓ ధర్మకర్తల మండలి 2025 అక్టోబరులో నిర్ణయించింది. క్లెయిమ్ పెట్టే రోజున పోర్టల్‌లో ఉన్న నియమం చూసుకోండి.

క్లెయిములు తిరిగొచ్చే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, యూఏఎన్‌లో (ఉద్యోగికి ఒకటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) పొడి అక్షరం మాత్రమే ఉండటం (మన పేర్లతో ఇది మరీ ఎక్కువ), పుట్టిన తేదీ తేడా, రెండు యూఏఎన్‌లు ఉండటం, పాత సంస్థ మానేసిన తేదీ నమోదు చేయకపోవడం. ఈ చివరిదాని కోసం పాత హెచ్‌ఆర్‌ను బతిమాలాల్సిన పనిలేదు. చివరి జమ పడిన రెండు నెలల తర్వాత మెంబర్ పోర్టల్‌లో "మేనేజ్" కింద "మార్క్ ఎగ్జిట్"లో మీరే తేదీ వేసుకోవచ్చు. ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. వేసే తేదీ కొత్త సంస్థలో చేరిన తేదీకి ముందే ఉండేలా చూడండి. రెండు సర్వీసులూ కలిసిపోతే బదిలీలో వివరణ అడగవచ్చు.

జీతంలో కోశారు, పాస్‌బుక్‌లో మాత్రం పడలేదు.

ఉద్యోగి వాటా కోసి జమ చేయకపోవడం నేరం కూడా. పే స్లిప్‌లో కోత కనిపిస్తున్న నెలలు, పాస్‌బుక్‌లో ఖాళీగా ఉన్న నెలలు పక్కపక్కన పట్టికగా రాసి, ఈపీఎఫ్‌ఓ గ్రీవెన్స్ పోర్టల్‌లో యూఏఎన్‌తో ఫిర్యాదు చేయండి. ఉద్యోగంలో ఉండగానే నెలకోసారి పాస్‌బుక్ చూస్తే అసలు ఇంతవరకు రాదు.

యజమాని కట్టే 12 శాతం మొత్తం మీ పీఎఫ్‌లోకే రాదు. రూ. 15,000 వేతనం వరకు 8.33 శాతం, అంటే గరిష్ఠంగా రూ. 1,250, పింఛను పథకానికి పోతుంది. పాస్‌బుక్‌లో యజమాని వాటా తక్కువ కనిపించడానికి కారణం ఇదే, మోసం కాదు. పింఛను సర్వీసు పదేళ్లు నిండితే ఆ డబ్బు తీసుకోవడం కుదరదు, 58 ఏళ్ల నుంచి నెలనెలా పింఛను వస్తుంది. పదేళ్లకు దగ్గర్లో ఉన్నవారు తొందరపడి ఫారం 10సి పెట్టి డబ్బు తీసుకోవడం కంటే, ఇప్పటిదాకా చేసిన పింఛను సర్వీసును నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడం మంచిది.

ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కార్డు మానేసిన రోజే ఆగిపోతుందా?

ఆగదు. ఏప్రిల్–సెప్టెంబరు మధ్య కట్టినదానికి ఆ తర్వాతి జనవరి–జూన్‌లో, అక్టోబరు–మార్చి కట్టినదానికి జూలై–డిసెంబరులో ప్రయోజనాలుంటాయి. ఆ ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉంటే అనారోగ్య భత్యానికి అర్హత వస్తుంది.

మధ్యలో మానేస్తే బోనస్ వస్తుందా?

చట్టబద్ధ బోనస్ అర్హత ఉన్న వేతన శ్రేణిలో ఉంటే, ఆ ఏడాది 30 రోజులు పనిచేసినా చాలు, పనిచేసిన మేరకు కనీసం 8.33 శాతం వస్తుంది. పెర్ఫార్మెన్స్ బోనస్ వేరు. అది మీ లెటర్‌లోని షరతుల ప్రకారమే. "చెల్లింపు తేదీనాటికి ఉద్యోగంలో ఉండాలి" అని రాసి ఉంటే, ఆ తేదీ చూసుకుని రాజీనామా ఇవ్వడం ఒక్కటే దారి.

"రాజీనామా రాసివ్వు, లేకపోతే టెర్మినేట్ చేస్తాం" అంటున్నారు. ఏం చేయాలి?

ఆ గదిలో, ఆ క్షణంలో ఏమీ రాయకండి. "ఆలోచించుకుని చెప్తాను" అనండి. ఎందుకంటే రాజీనామా రాస్తే, మీరే వెళ్లిపోయినట్టు లెక్క. రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తగ్గింపు) పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. బయటికి రాగానే మీ సొంత ఐడీకి కాపీ పెట్టి హెచ్‌ఆర్‌కు ఇలా రాయండి: "ఈరోజు ఫలానా సమయానికి జరిగిన సమావేశంలో నన్ను రాజీనామా చేయమన్నారు. నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు. నేను పనికి సిద్ధంగా ఉన్నాను. సంస్థ నిర్ణయం ఏదైనా ఉంటే రాతపూర్వకంగా తెలియజేయండి." ఇప్పటికే ఒత్తిడితో రాసిచ్చి ఉంటే, అదేరోజు వెనక్కి తీసుకుంటున్నట్టు, ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్తూ మెయిల్ పెట్టండి. వారం తర్వాత పెట్టిన మెయిల్‌కు అంత బలం ఉండదు.

ఏడాది నిరంతర సర్వీసు ఉన్న వర్కర్‌ను సిబ్బంది తగ్గింపులో తీసేస్తే, కారణం చూపిస్తూ నెల నోటీసు లేదా నెల వేతనం ఇవ్వాలి. ప్రతి పూర్తి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం కూడా ఇవ్వాలి. ఇది గ్రాట్యుటీకి అదనం. ఇవికాక రీస్కిల్లింగ్ (కొత్త నైపుణ్యాలు నేర్చుకునే) నిధి కింద యజమాని 15 రోజుల వేతనం జమచేయాలి. అది 45 రోజుల్లోపు వర్కర్ ఖాతాకు చేరాలి.

"వర్కర్" అంటే హోదా పేరు కాదు, చేసే పని. మేనేజర్ అని కార్డు మీద ఉన్నా, కింద ఎవరూ లేకుండా రోజంతా కోడ్ రాసేవారు వర్కరే అని వాదించవచ్చు. నిజంగా నిర్వహణ, పాలన చేసేవారికీ, నెలకు రూ. 18,000 మించి తీసుకునే సూపర్‌వైజర్లకూ ఈ పరిహారం ఉండదు. వాళ్లకు అపాయింట్‌మెంట్ లెటరే ఆధారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1988 నాటి షాపులు, సంస్థల చట్టం కూడా ఉంది. ఆరు నెలల సర్వీసు ఉన్నవారిని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదని అది చెప్తుంది.

ప్రసూతి సెలవులో ఉండగా తీసేశారు.

చట్టవిరుద్ధం. ఆ సెలవులో ఉన్న కాలంలో గానీ, ఆ సెలవు కారణంగా గానీ తొలగించడం చెల్లదు. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు హక్కు.

రిలీవింగ్ లెటర్ ఇవ్వడం లేదు. కొత్త ఉద్యోగం పోయేలా ఉంది.

కొత్త సంస్థకు విషయం దాచకండి. రాజీనామా మెయిల్, దాని ఆమోదం, చివరి మూడు పే స్లిప్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఈపీఎఫ్‌ఓ సర్వీస్ హిస్టరీ పంపితే చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ముఖ్యంగా సర్వీస్ హిస్టరీ, ఎందుకంటే వాళ్ల తనిఖీ సంస్థలు చూసేదీ అదే. ఇటు పాత సంస్థకు లేఖ ఆలస్యం వల్ల ఫలానా తేదీకి ఉద్యోగం కోల్పోయే ప్రమాదం ఉందని, నష్టానికి వారే బాధ్యులని రాయండి. లాయర్ నోటీసు దాని తర్వాతి మెట్టు.

"ఇక నాకేమీ రావాల్సింది లేదు" అని సంతకం పెట్టించుకున్నారు. ఇంక అడగలేనా?

అడగవచ్చు. వేతనం, బోనస్ హక్కు వదులుకుంటున్నట్టు రాసుకున్న ఒప్పందం ఆ మేరకు చెల్లదని వేతనాల కోడ్ 60వ సెక్షన్ చెప్తుంది. సంతకం తప్పనప్పుడు "లెక్కపై అభ్యంతరాలకు లోబడి" అని మీ చేత్తో రాసి పెట్టండి.

ఫిర్యాదు ఎక్కడ? ఎన్నాళ్లలోపు?

ఐటీ కంపెనీ, దుకాణం, ఆసుపత్రి, ప్రైవేటు ఫ్యాక్టరీ అయితే రాష్ట్ర కార్మిక శాఖ, అంటే మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసు. బ్యాంకులు, బీమా, టెలికాం, గనులు, రైల్వేలు కేంద్ర లేబర్ కమిషనర్ పరిధి, సమాధాన్ పోర్టల్‌లో పెట్టవచ్చు. తప్పు ఆఫీసుకు వెళ్లి నెలలు పోగొట్టుకునేవారు చాలామంది.

వేతన బకాయి క్లెయిమ్‌కు మూడేళ్ల గడువు. బకాయితోపాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం అక్కడి అధికారికి ఉంది. డబ్బు ఇచ్చేశామని రుజువు చేసే భారం యజమానిదే. తొలగింపు మీద వివాదం అయితే రెండేళ్లలోపే వెళ్లాలి, పాత చట్టంలో అది మూడేళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. హెల్ప్‌లైన్ 15100.

రాజీనామా ఇచ్చే ముందు ఏమేం దాచుకోవాలి?

రాజీనామా మెయిల్ పంపిన గంటలోనే లాగిన్ ఆగిపోవచ్చని అనుకుని సిద్ధపడండి. అపాయింట్‌మెంట్ లెటర్, ప్రతి ఇంక్రిమెంట్ లెటర్, అన్ని పే స్లిప్‌లు, సెలవుల బ్యాలెన్స్ కనిపించే స్క్రీన్ ఫొటో, హాజరు పట్టిక, గ్రూప్ ఇన్సూరెన్స్ కార్డు ముందే తీసి పెట్టుకోండి. ఇవి మీకు సంబంధించిన పత్రాలు. క్లయింట్ ఫైళ్లు, కోడ్, ధరల పట్టికలు తాకకండి. ఆఫీసు ఐడీతో తెరిచిన పీఎఫ్, పన్ను, బీమా ఖాతాలన్నిటిలో ఫోన్ నంబరు, మెయిల్ మీ సొంతవి పెట్టుకోండి. సిమ్ కంపెనీదైతే ఆధార్‌కు లింకైన నంబరు అదేనేమో చూడండి. అదే అయితే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి మార్చుకున్నాకే రాజీనామా పంపండి.